వాసన అన్న మాట ఏడుసార్లు

ఫిర్యాదుల కేంద్రంలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలిచేవారు. పై అంతస్తు హాల్లో ఆపరేటర్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని జనం గోడు వింటూ టైపు చేస్తుంటే, కింద మెట్ల పక్కనున్న ఇరుకు గదిలో కూర్చుని ఆ గోడునంతా లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. వచ్చిన ప్రతి ఫోనూ ఒక టెక్స్ట్ ఫైలు. వీధికో ఫోల్డరు. నల్లటి తెర మీద ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొడితే, ఈ వారం నీళ్ళ కోసం ఎంతమంది మొత్తుకున్నారో, వీధిదీపాల కోసం ఎంతమంది తిట్టారో తేలిపోయేది. గ్రెప్ అనే పనిముట్టు మాటను వెతికిపెడుతుంది. మరొకటి దొరికిన వాటిని వరసలో పేరుస్తుంది. ఇంకొకటి ఒకేలాంటివి కలిపి ఎన్నో చెబుతుంది. మౌసు ముట్టకుండా ఇదంతా చేస్తుంటే, టీ తెచ్చే మనిషి కూడా గుమ్మంలో ఆగి చోద్యం చూసేవాడు.

"నా నెత్తి మీద వెంట్రుకలు ఎన్నున్నాయో కూడా చెప్పెయ్ లెక్కలమ్మా," అనేవాడు పెద్దసారు, తన బట్టతల నిమురుకుంటూ. ఆ కేంద్రానికి ఆయనే అధికారి. నవ్వించే మనిషి. పైవాళ్ళ ముందు మాత్రం ఆ నవ్వు ఎటుపోయేదో.

ఆ నవ్వు ఆవిరైన రోజొకటి ఉంది. వీధికుక్కల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయని మున్సిపల్ కౌన్సిల్లో అడిగితే, లెక్కలమ్మ ఇచ్చిన అంకె ఆయన గొప్పగా చదివాడు. అంత ఎక్కువేమిటని ఎవరో తవ్వితే అసలు సంగతి బయటపడింది. 'కుక్క' అని వెతికితే గ్రెప్ 'కుక్కర్'ని కూడా పట్టుకొచ్చింది. కుక్కర్ పేలిందనీ, కుక్కర్ దొంగిలించారనీ చేసిన ఫోన్లన్నీ కుక్కల ఖాతాలో పడ్డాయి. కౌన్సిల్లో పడీపడీ నవ్వారట. పెద్దసారు వచ్చి ఆమె బల్ల ముందు నిలబడి, "నన్ను నడిబజార్లో నిలబెట్టావు కదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఆ రోజు నుంచి ఆమె ఆజ్ఞలో ఒక్క అక్షరం చేర్చింది. ఆ అక్షరం ఉంటే, మాట విడిగా, పూర్తి మాటగా కనిపిస్తేనే గ్రెప్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మరో మాటలో కలిసి ఉంటే వదిలేస్తుంది. కుక్కర్ల బెడద వదిలింది. ఏ వీధి నుంచి ఏ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో చూపుతూ ప్రతి సోమవారం పైకి పంపే పట్టీకి కూడా అదే అక్షరం తగిలించి ఒక చిన్న ప్రోగ్రాంలో పెట్టేసింది. ఇక దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

పై హాల్లో కిటికీ పక్క సీటు ఆమె వదినది. అద్దకాల వీధి ఫోన్లన్నీ ఆ సీటుకే వచ్చేవి. ఆ ఉద్యోగం వేయించింది లెక్కలమ్మే. అన్నయ్య, వదిన, తను, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అనుకునే వాళ్ళు వీళ్ళని చూసి ముక్కున వేలేసుకునేవారు. పొద్దున ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు, ఒకే డబ్బాలోంచి తినేవారు. సాయంత్రం వంటింట్లో అన్నయ్య మీద చెప్పుకుని నవ్వుకునేవారు.

అద్దకాల వీధిలోని గోడౌన్ అంటుకున్నప్పుడు మధ్యాహ్నం ఇంకా భోజనాల వేళే. రంగుల తయారీకి వాడే డ్రమ్ములు లోపల ఎన్నున్నాయో ఎవరికీ తెలియదు. మంట కంటే ముందు గాలి చంపేసింది. గోడౌన్‌కి ఆనుకుని ఉన్న మూడంతస్తుల ఇళ్ళలో తలుపులేసుకుని ఉన్నవాళ్ళు ఉన్నచోటే పోయారు. బతికినవాళ్ళు చెప్పింది ఒకటే: మేం నెలల తరబడి మొత్తుకుంటూనే ఉన్నాం, ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పెద్దసారు తనే మెట్లు దిగి ఆమె గదికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ వీధి నుంచి వాసన అని ఎన్ని ఫిర్యాదులొచ్చాయి? ఏడాది మొత్తం. పైనుంచి ఫోను మీద ఫోను. తొందరగా."

ఆమె వేళ్ళు అలవాటుగా కదిలాయి. అద్దకాల వీధి ఫోల్డరు, వాసన అనే మాట, ఆ ఒక్క అక్షరం, ఎంటర్. తెర మీద ఒంటరిగా ఒక అంకె వచ్చింది. ఏడు.

"ఏడేనా?" పెద్దసారు తెర మీదికి వంగాడు. ఆయన భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. "ఏడాదికి ఏడు. ఇది మొత్తుకోవడమా? రాసి సంతకం పెట్టివ్వమ్మా."

ఆమె రాసి సంతకం పెట్టింది. పొగ ఇంకా ఆకాశంలో ఉంది. కళ్ళు మండుతున్నాయి. మళ్ళీ ఒకసారి చూద్దామన్న ఆలోచన ఆమెకు రాలేదు.

సాయంత్రానికి టీవీలో ఆ అంకె తిరుగుతోంది. వచ్చినవి ఏడే ఫిర్యాదులు. ఏడూ ఒకే ఆపరేటరు తీసుకుంది. వాటి తీవ్రత గుర్తించలేదు, అగ్నిమాపక శాఖకు ఫోను చెయ్యలేదు. ఆ ఆపరేటర్ని సస్పెండ్ చేశాం. పెద్దసారు మైకుల ముందు తల వంచుకుని చెబుతున్నాడు.

వదిన టీవీ వైపు చూడకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో సస్పెన్షన్ కాగితం నలిగి ఉండలా అయింది.

"ఏడేమిటి?" అంది చివరికి. "ఎవరు చెప్పారు ఏడని?"

లెక్కలమ్మ టీవీ కట్టేసింది. "నేనే ఇచ్చాను వదినా."

అన్నయ్య గిరుక్కున తిరిగాడు. "నువ్వా? ఇంట్లో మనిషివి, ముందు ఒక్క మాట మాకు చెప్పాలనిపించలేదా?"

"వదిన సీటు మీదికి వస్తుందనుకోలేదు. లెక్క అడిగారు, ఇచ్చాను."

"దాన్ననకండి," అంది వదిన మొగుడితో. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం కన్నా అయోమయం ఎక్కువ ఉంది. "నా చెవులు దిమ్మెక్కేలా విన్నానే ఆ వీధి ఫోన్లు. ఒక్కదాన్నీ వదల్లేదు. ప్రతి దాని కిందా 'పైకి పంపాను' అని కొట్టి పంపాను. ఆ కుట్టుమిషను ఆవిడ ఒక్కతే నువ్వు చెప్పిన ఏడు కంటే ఎక్కువసార్లు చేసుంటుంది."

"ఆవిడ వాసన అనే అందా?"

"వాసన అని ఎప్పుడందీ? గాలి కుడుతోందమ్మా అనేది. నేనూ అలాగే కొట్టాను. జనం మాట జనం మాటలాగే ఉండాలి, మీ సొంత తెలుగు పెట్టొద్దని మా అందరికీ పాఠం చెప్పింది నువ్వే కదా?"

నిజమే. కేంద్రం కొత్తగా పెట్టినప్పుడు ఆపరేటర్లు 'దుర్వాసన వెదజల్లబడుచున్నది' అని టైపు చేస్తుంటే, అలా ఏ మనిషి మాట్లాడతాడని నవ్వి మాన్పించింది తనే. కానీ తను వెతికింది మాత్రం విడిగా ఉన్న 'వాసన'నే. జనం వాసనొస్తోంది అంటారు. వాసనేస్తోంది అంటారు. వాసనగా ఉంది, వాసనకి నిద్రపట్టట్లేదు అంటారు. తెలుగులో ఏ మాట ఒంటరిగా నిలబడుతుంది గనక? తను తగిలించిన అక్షరం అవన్నీ కాదు పొమ్మంది.

మర్నాడు ఆఫీసు తెరిచీ తెరవకముందే ఆమె తన కుర్చీలో ఉంది. ఆ అక్షరం తీసేసి ఎంటర్ కొట్టింది. అంకె చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకే ఫోనులో మాట రెండు మూడుసార్లు వచ్చి ఉండొచ్చని, మాటలు వదిలేసి ఫైళ్ళను లెక్కపెట్టింది. తగ్గింది గానీ అదీ వందల్లోనే ఉంది. అప్పుడు తన మాట వెతకడం మానేసి, ఆ వీధి ఫైళ్ళలోని మాటలన్నీ విడగొట్టి, ఒకేలాంటివి కలిపి, ఎక్కువసార్లు వచ్చినవి పైకి వచ్చేలా పేర్చమంది. వాళ్ళు అసలేమన్నారో వాళ్ళనే చెప్పమన్నట్టు.

తెర నిండింది. అమ్మా, మళ్ళీ, గాలి, కంపు, ఘాటు, పిల్లలు, దగ్గు, మంట, గోడౌన్, కళ్ళు, ఎవరూ, రాలేదు.

ఒక్కో ఫైలూ తెరిచి చదువుతూ పోయింది. 'గోడౌన్ తలుపు తీశారంటే చాలు, కళ్ళు మండిపోతున్నాయి.' 'పిల్లలు అన్నం తిన్నది తిన్నట్టు కక్కేస్తున్నారు.' తర్వాత ఆ కుట్టుమిషను ఆవిడవి వచ్చాయి. 'గాలి కుడుతోందమ్మా. ముక్కులో సూదులు గుచ్చినట్టుంది.' 'మళ్ళీ నేనేనమ్మా, విసుక్కోకు.' ప్రతి దాని కిందా వదిన కొట్టిన 'పైకి పంపాను' అన్న మాట ఉంది. దాని కింద పెద్దసారి సెక్షన్ నుంచి ఒకే ముక్క: 'మూసివేయడమైనది'.

లెక్కలమ్మకి ముందు ఊరట కలిగింది, వదిన తప్పు లేదు అని. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. సోమవారం పట్టీ గుర్తొచ్చింది. ఆ ప్రోగ్రాం తెరిచి చూసింది. అందులోనూ అదే మాట, అదే అక్షరం. ఏడాదిగా ప్రతి సోమవారం పెద్దసారి బల్ల మీదికి వెళ్ళిన పట్టీలో అద్దకాల వీధి, వాసన, అన్న గడిలో సున్నా. ఎప్పుడైనా ఒకటి. మళ్ళీ సున్నా. ఆ ఫైళ్ళూ కొత్త లెక్కా ప్రింటు తీసుకుని పెద్దసారి గదికి వెళ్ళింది.

పెద్దసారు ఆమె ఇచ్చిన కాగితాలు నిలబడే చదివాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఏడని సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే సార్. తప్పు లెక్క. ఇది సరైనది."

"ఇవాళ ఇది సరైనదంటావు. రేపింకోటి తెస్తావు. సస్పెండైంది మీ వదిన. ఆవిణ్ణి గట్టెక్కించడానికి అంకె పెంచిందంటారు. అనరా?"

"ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు సార్. ఫైళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. అన్నిటి కిందా మూసేసినట్టు మీ సెక్షనే రాసింది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకుంది ఆమె. ఆయన గొంతు ఇంకా తగ్గింది.

"రోజుకెన్ని వస్తాయో తెలుసా నా బల్ల మీదికి? చదువుతానా అన్నీ? నీ పట్టీ చూస్తాను. సున్నా ఉంటే మూసెయ్యమంటాను. ఏడాది పొడుగునా సున్నా అని చెప్పింది నువ్వమ్మా. నన్ను ఇరికిస్తే నువ్వు బయట ఉంటావనుకుంటున్నావా?"

ఆ సంగతి ఆమెకి అప్పటికే తెలుసు. ఇంకో మనిషి నోట వినడం మాత్రం అదే మొదటిసారి.

"ఇంటికెళ్ళు," అన్నాడు ఆయన, దాదాపు జాలిగా. "పోయినవాళ్ళు ఎలాగూ తిరిగిరారు. మీ వదినకి వేరేచోట ఏదో ఒకటి నేను చూస్తాను."

ఇంటికెళ్ళి ఆమె జరిగినదంతా చెప్పింది, సోమవారం పట్టీతో సహా. అన్నయ్య మంచం మీద కూర్చుండిపోయాడు. "ఇది బయటపెడితే నీ ఉద్యోగం కూడా పోతుంది చెల్లాయ్. ఇల్లు గడిచేదెలా?" అన్నాడు. వదిన లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

విచారణకి ఒక రిటైరైన జడ్జిగారిని వేశారు. తెల్లజుట్టావిడ, ప్రతిదీ రెండుసార్లు అడిగే మనిషి. పాత స్కూలు హాల్లో విచారణ. బెంచీల మీద ఒక పక్క ఆఫీసువాళ్ళు, ఒక పక్క చచ్చిపోయినవాళ్ళ తాలూకు వాళ్ళు. లెక్కలమ్మ తన పేరు చెప్పి, పిలవకుండానే వచ్చానంది.

"ఏడు ఎలా వచ్చిందో మాకర్థమయ్యేలా చెప్పండమ్మా," అన్నారు జడ్జిగారు.

చెప్పాలంటే కుక్కల సంగతి నుంచి మొదలుపెట్టాలి. చెప్పింది. కుక్కర్ దగ్గరికి వచ్చేసరికి ఆఫీసువాళ్ళ బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రెండో మనిషికి అంటుకోబోయి ఆగిపోయింది. ఎదుటి బెంచీల్లో ఒక్క మొహమూ కదల్లేదు. ఆమె ఆగకుండా పూర్తి మాట అంటే ఏమిటో, వాసనొస్తోంది అన్నది ఎందుకు లెక్కకు రాలేదో, కంపు, ఘాటు, మంట అన్నవాళ్ళు ఎక్కడికి పోయారో చెప్పింది. సోమవారం పట్టీ గురించి ఎవరూ అడగలేదు. అదీ చెప్పింది.

"అంటే ప్రమాదానికి ముందు కూడా మీ లెక్క తప్పే?"

"అవునండీ."

"ముందు కూడా?"

"ఏడాదంతా తప్పేనండీ."

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఈమె ఆపరేటరుకి ఆడపడుచు అని ఆయన తరఫు వకీలు లేచి చెప్పాడు. జడ్జిగారు రాసుకుని, లెక్క మళ్ళీ చెయ్యడానికి వేరే ఊరి మనిషిని పిలిపించమన్నారు.

బయట వరండాలో కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. రాత్రి కాపలా ఉద్యోగం చేసేవాళ్ళ యూనిఫాం చొక్కా, మాసిపోయింది.

"కుట్టుమిషను ఆవిడ మా ఆవిడండి. ఆ మధ్యాహ్నం నేను మందులకని బజారుకెళ్ళాను. అందుకే మిగిలాను." ఆమె సంచి వైపు చూశాడు. "దాని మాటలు మీ దగ్గరున్నాయంట. ఓసారి వినిపిస్తారా?"

"గొంతు ఉండదండీ. మా ఆపరేటరు రాసిన మాటలే ఉన్నాయి."

"అవే చదవండి. నాకు చదవడం రాదు."

ఆమె సంచిలోంచి కాగితాలు తీసి, వరండా గోడకి ఆనుకుని చదివింది. ఆయన చెవి దగ్గరపెట్టి వింటున్నాడు. 'మళ్ళీ నేనేనమ్మా' అన్నచోట చిన్నగా తలాడించాడు, అవును అది అలాగే మాట్లాడుతుంది అన్నట్టు. తర్వాతి వరుస చూసి ఆమె ఆగిపోయింది.

"ఆపకండి."

"'మా ఆయన నమ్మట్లేదమ్మా. నువ్వన్నా నమ్ము.'"

ఆయన కుళాయి వైపు తిరిగాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. కట్టెయ్యడానికి చెయ్యి పెట్టాడు గానీ తిప్పలేదు.

"కిటికీ మూసుకో అన్నానండి," అన్నాడు. "నిద్ర చెడగొడుతున్నావు, కిటికీ మూసుకో అన్నాను. మూసుకుంది."

మీరు నమ్మకపోయినా నేను నమ్మి ఉండాల్సింది అని ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆయనకి ఏం పనికొస్తుందని మింగేసింది. కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. చదవడం రాదన్న మనిషి వాటిని మడత నలగకుండా చొక్కా లోపల దాచుకుని వెళ్ళిపోయాడు.

వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి లెక్క ఆమె రెండో లెక్కకి ఇంచుమించు సరిపోయింది. వానాకాలం పోయాక నివేదిక వచ్చింది. ఫిర్యాదులు వందల్లో వచ్చిన మాట నిజం, ఆపరేటరు వాటిని పైకి పంపిన మాట నిజం. అయితే గణనలో సాంకేతిక లోపం వల్ల తీవ్రత పైఅధికారుల దృష్టికి రాలేదు. అందువల్ల ఏ ఒక్కరినీ బాధ్యులుగా చెప్పలేము. పెద్దసారు ఇంకో పెద్ద ఆఫీసుకి బదిలీ అయ్యాడు. గోడౌన్ యజమాని మీద కేసు నడుస్తోంది. లెక్కలమ్మకి జీతంలో కోత వేసి, జనన మరణాల విభాగానికి పంపారు. కేంద్రంలో ఆమె గదికి తాళం పడింది.

వదిన సస్పెన్షన్ ఎత్తేశారు. ఆవిడ ఒక్కరోజు వెళ్ళింది. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుంది, మొదటి ఫోను మోగింది, అవతలి మనిషి 'అమ్మా' అన్నాడు. అంతే, తీసి బల్ల మీద పెట్టి సంచి తీసుకుని నడిచి వచ్చేసింది. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో అట్టపెట్టెలకి టేపు వేస్తుంది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు.

ఇంట్లో ముగ్గురూ ఉన్నారు, పనులు జరుగుతున్నాయి, నవ్వులు మాత్రం లేవు. ఒక సాయంత్రం అన్నయ్య ఇంకా రాలేదు. ఇద్దరూ వంటింట్లో ఉన్నారు.

"నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో నాకింకా తెలియట్లేదే," అంది వదిన, పొయ్యి వైపే చూస్తూ. "నా పేరు నిలబెట్టావు. నిజమే. కానీ ఆ ఫోన్లన్నీ నేను పైకి పంపుతుంటే, ఎవరో చూస్తున్నారనే ధైర్యంతో పంపాను. ఆ చూసేది నువ్వే అనుకున్నాను."

"తిట్టు వదినా."

వదిన తిట్టలేదు. పొయ్యి ఆర్పి, రెండు కంచాలు పెట్టి, అన్నం వడ్డించింది. లెక్కలమ్మ కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తిను," అంది వదిన. "చల్లారిపోతోంది."

ఆమె తినడం మొదలుపెట్టింది. వదిన కూడా తింది.